మెదడులో కణితి – మాటను దక్కించు శస్త్రచికిత్స

శిశిరము ముగియు దినములలో గుంటూరు, పల్నాడు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలలో ఎటు చూచినను ఎఱ్ఱని కల్లములే కానవచ్చును. కోసి తెచ్చిన మిరపకాయ ఎండుచుండును. ఆడవారు వరుసగా కూర్చుండి తాలుకాయ ఏరుచుందురు. అట్టి కల్లమున కూర్చున్న ఒక పెద్దరైతును శ్రోతలు ఊహించుకొందురుగాక. ఆయన "ఆ గంప ఇటు తే" అని కోడలితో అనవలసియుండి, "ఆ... అదే... అది ఇటు తే" అని చేయి చాపును. కోడలు నవ్వి గంప నందించును. ఎండలో కూర్చున్నందున అలసినాడని అనుకొందురు. వారము గడచును. ఈసారి "తాలు" అనబోయి "తాడు" అనును. తప్పు తనకే తెలియును గాని సరియైన మాట నోటికి రాదు. మరికొన్ని దినములకు కుడిచేతిలోని చుట్ట తనంతట జారిపోవును. ఒకనాటి వేకువను మూర్ఛ వచ్చి కాళ్లు చేతులు కొట్టుకొనును. చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టువారు కొందరు, తాయెత్తు కట్టింపవలెననువారు కొందరు. చివరకు కారు మాటాడి గుంటూరు తీసికొనిపోవుదురు. స్కానింగు చూచిన వైద్యుడు, మెదడులో ఎడమవైపున కణితి ఉన్నదని చెప్పును.

ఈ రైతు మేము కల్పించినవాడే. అయినను మేము మాటాడిన వైద్యులందరును అతనిని ఎరుగుదురు. పేరు మారును, ఊరు మారును, కల్లము బదులు పత్తిచేను వచ్చును, అంతియే.

ఇంటివారు వైద్యుని మొట్టమొదట అడుగు ప్రశ్న ఒకటే: "ప్రాణానికి భయం లేదు కదా అండీ?" రోగి మనసులో మరియొక ప్రశ్న ఉండును. దానిని అడుగుటకు ఒక్కొక్కసారి అతనికి మాటయే చాలదు. కోసిన తరువాత నేను మాటాడగలనా, అనునది ఆ ప్రశ్న. ఈ ప్రసంగమున మేము ఆ రెండవ ప్రశ్ననే తీసికొనుచున్నాము. మాటనే జీవనోపాధిగా చేసికొన్నవారము గనుక మాకు అది దగ్గరగా తోచినది.

మెదడులోని కణితులన్నియు ఒక జాతివి కావు. మెదడును కప్పియున్న పొరలనుండి పుట్టు మెనింజియోమా అనునది సాధారణముగా మెదడును ప్రక్కకు నెట్టుకొని పెరుగునే గాని దానిలోనికి చొరబడదు. అది చేనిలో పడియున్న బండరాతి వంటిది. జాగ్రత్తగా పెకలించిన చాలవరకు పీడ విరగడ యగును. గ్లయోమా అట్టిది కాదు. అది మెదడులోపలనే పుట్టి, దాని పోగుల వెంట ప్రాకును. తుంగ పట్టిన పొలము గల రైతునకు దీనిని వేరుగా వివరింప నక్కరలేదు. పైమొక్క పీకిన చేను శుభ్రముగా కనబడును. క్రింద గడ్డ మిగిలియే ఉండును. తుంగ కొరకు రైతు లోతుగా దున్నవచ్చును. మెదడులో లోతుగా దున్నుటకు వీలులేదు. అచ్చట ఉన్నది మన్ను కాదు. ఒక మనిషి మాట, చేయి, చూపు. ఎక్కువ తీసినకొలది రోగి ఎక్కువకాలము బ్రతుకు అవకాశము పెరుగును. ఒక్క గింజమందము మితిమీరినచో మాట పోవును. గ్లయోమా శస్త్రచికిత్సలో కష్టమంతయు ఇచ్చటనే ఉన్నది.

మాట ఎచ్చట ఉన్నదను విచారము పాతది. 1861లో పారిస్ నగరమున పాల్ బ్రోకా అను వైద్యుడు, ఏది అడిగినను "టాన్" అను ఒక్క ధ్వనితోనే బదులు చెప్పు రోగి నొకనిని చూచెను. ఆ రోగి మరణించిన పిమ్మట మెదడును పరిశీలింపగా ఎడమవైపు ముందుభాగము చెడియుండెను. మాటకు మెదడులో ఒక స్థానము కలదని లోకము నమ్ముటకు అది మొదలు. 1884 నవంబరు 25వ తేదీన లండనులో రిక్మన్ గాడ్లీ అను శస్త్రవైద్యుడు కపాలము తెరచి గ్లయోమాను తీసెను. కణితి దొరకినది గాని, కోసిన చోట చీము పట్టి రోగి నెల దినములలోపలనే కన్నుమూసెను. స్కానింగు లేని ఆ కాలమున రోగి ఏ చేయి ఎత్తలేకున్నాడు, ఏ వ్రేలు వణకుచున్నది అను లక్షణములు చూచియే కణితి ఉన్న చోటును ఊహించెడివారు. బ్రతికియున్న మనిషి మెదడును కోయకయే సి.టి. స్కానింగుతో చూచుట 1971లో గాని సాధ్యము కాలేదు.

ఇక రోగిని మేలుకొలిపి, మాటాడించుచు, మెదడును స్పృశించు పద్ధతిని వృద్ధిచేసినవాడు కెనడా దేశమున మాంట్రియల్ నగరములోని వైల్డర్ పెన్‌ఫీల్డ్. ఆయన స్థాపించిన నాడీవైద్యసంస్థ 1934లో ఆరంభమైనది. మూర్ఛరోగులకు శస్త్రచికిత్స చేయుచు ఆయన మెదడుపై సన్నని విద్యుత్తును ప్రసరింపజేసెడివాడు. స్పందన కలిగిన చోటనెల్ల అంకె వేసిన చిన్న కాగితపుముక్కను ఉంచెడివాడు. మాంట్రియల్‌లో శిక్షణ పొందిన జేకబ్ చాందీగారు 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మన దేశపు మొదటి నాడీశస్త్రవైద్య విభాగమును ప్రారంభించిరి. మరుసటి యేట బి. రామమూర్తిగారు మద్రాసులో పని మొదలిడిరి. గుంటూరు అప్పుడు మద్రాసులో భాగమే. మెదడు జబ్బు అన్నచో మన ప్రాంతమువారు ఆ దిక్కునకే రైలెక్కెడివారు.

ఆ రైలుప్రయాణము చాలమందికి తప్పినది. 2017లో గుంటూరులో ఒక స్త్రీకి మెలకువగా ఉండగనే మెదడు శస్త్రచికిత్స జరిగెను. ఆమె ఆ సమయమున "బాహుబలి" రెండవ భాగమును చూచుచుండెనని పత్రికలు వ్రాసినవి. 2020 నవంబరులో అదే గుంటూరులో డాక్టరు భవనం హనుమ శ్రీనివాసరెడ్డిగారును సహచరులును ఒక యువకునకు ఎడమ మెదడులోని గ్లయోమాను ఇట్లే తీసిరి. అతనికి అంతకుముందు ఒకసారి హైదరాబాదులో శస్త్రచికిత్స జరిగి, కణితి మరల పెరిగినది. అతడు "బిగ్ బాస్" కార్యక్రమమును, "అవతార్" చిత్రమును చూచుచుండగా పని ముగిసెను. 2022లో సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో, 2024లో కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో ఇట్టి చికిత్సలే జరిగినవి. అచ్చట చూపినవి "అడవి దొంగ", "అదుర్స్". బీదలు పోవు ప్రభుత్వాసుపత్రులలో ఇది జరుగుట మాకు మిక్కిలి సంతోషము కలిగించిన విషయము.

అయితే పత్రికలలో సినిమా పేరు పెద్ద అక్షరములలో పడినది. పని చిన్న అక్షరములలో పోయినది. సినిమా వలన రోగికి భయము తగ్గును, మనసు నిలుచును, కాదనము. మాటను కాపాడునది మాత్రము సినిమా కాదు. దానిని కాపాడు పని ఎట్లు జరుగునో కొంచెము చెప్పెదము.

మెదడునకు నొప్పి తెలియదు. నొప్పి అంతయు తలచర్మమునకు, ఎముకపై పొరకు, మెదడును కప్పిన పైపొరకు సంబంధించినది. ఆ భాగములను పన్ను పీకునప్పటివలె సూదిమందుతో మొద్దుబార్చుదురు. చాలచోట్ల మొదట రోగిని నిద్రబుచ్చి, కపాలము తెరచిన పిమ్మట మేలుకొలుపుదురు. అప్పుడు శస్త్రవైద్యుడు రెండు మొనలుగల పరికరముతో కొన్ని మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును మెదడుమీద ఒక్కొక్క చోట తాకించును. ఎదురుగా కూర్చున్న మరియొకరు రోగికి బొమ్మ చూపుదురు. రోగి "ఇది గొడుగు", "ఇది చేట" అని చెప్పవలెను. "ఇది" అను మాటను ముందు పెట్టుటలో ఒక యుక్తి ఉన్నది. "ఇది..." అని ఆగిపోయినచో నోరు ఆడుచున్నది గాని పేరు దొరకలేదని అర్థము. "ఇది" అనునది కూడ రాకున్నచో నోటి కదలికయే ఆగినదని అర్థము. తాకించుట నాలుగు సెకన్లు. ఎత్తగనే మాట తిరిగి వచ్చును. అట్లు మాట ఆగిన చోటులకు గుర్తు పెట్టి, వాటిని విడిచి, తక్కిన కణితిని తీయుదురు. తీయుచున్నంతసేపును రోగి మాటాడుచునే ఉండవలెను. ఈ విద్యుత్తు వలన బల్లమీదనే మూర్ఛ రావచ్చును. వచ్చినచో మంచువలె చల్లనైన సెలైను నీరు మెదడుపై పోసిన తగ్గును. ఈ మాట విన్నప్పుడు మాకు ఒడలు జలదరించినది. చెప్పిన వైద్యుడు మాత్రము పొయ్యిమీద పాలు పొంగినప్పుడు నీళ్లు చల్లినట్లు చెప్పెను.

ఇంత శ్రమ ఎందుకు, మాటస్థానము బ్రోకా చెప్పిన చోటనే ఉండునుగదా అని శ్రోతలకు తోచవచ్చును. ఉండదు. అమెరికాలో ఆజ్‌మన్ అను శస్త్రవైద్యుడు 117 మంది రోగుల మెదడులను ఇట్లు పరిశీలించి 1989లో ప్రకటించిన దానినిబట్టి, మాటకు ముఖ్యమైన చోటులు మనిషికి మనిషికి వేరుగా ఉన్నవి. ఒకే వీధిలో ఇండ్లన్నియు ఒక్క తీరున కట్టియున్నను, బియ్యపుడబ్బా ఎచ్చట ఉన్నదో ఆ ఇంటి ఇల్లాలికే తెలియునుగదా.

ఫలితము మాట యేమి? 2012లో 90 పరిశోధనలను, 8,091 మంది రోగులను ఒకచోట కూర్చి చూడగా, విద్యుత్తుతో గుర్తించుచు తీసినవారిలో నిలిచిపోయిన తీవ్రలోపములు నూటికి 3.4, అట్లు చేయనివారిలో 8.2 అని తేలినది. అంతకుముందు 2008లో, మాటస్థానములను గుర్తించుచు శస్త్రచికిత్స చేసిన 250 మంది వృత్తాంతము ప్రకటింపబడినది. వారిలో 56 మందికి మొదటి వారమున మాట క్రొత్తగా తడబడుటయో, ఉన్న తడబాటు హెచ్చుటయో జరిగెను. ఆరునెలలకు ఆ 56 మందిలో 52 మంది తిరిగి మునుపటివలె మాటాడిరి. కావున ఆపరేషను చేయించుకొని వచ్చిన పెద్దవారు మొదటి పదిదినములు మాటకు వెదకికొన్నచో ఇంటివారు గుండె చెదర నక్కరలేదు. ఎదురు తర్కమును కూడ చెప్పుట మా ధర్మము. 2007లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 53 మందిని రెండు వర్గములుగా విభజించి చూడగా, మెలకువగా చేసిన వర్గమునకు మేలు అధికముగా కనబడలేదు. సంఖ్య చిన్నది, నిజమే. కాని పద్ధతి పేరువలననే మేలు జరుగదు, చేయు చేతులును అడుగు ప్రశ్నలును సరిగా నుండవలెనని మేము దానినుండి గ్రహించితిమి.

అడుగు ప్రశ్నల మాట వచ్చినది గనుక ఒక విషయము చెప్పెదము. నాడీశస్త్రవైద్యమున ఎం.సిహెచ్. చదువుచున్న ఒక యువకుడు కొన్ని మాసముల క్రిందట మా కేంద్రమునకు వచ్చెను. రాత్రి డ్యూటీ ముగించి నేరుగా వచ్చినట్లు కన్నులే చెప్పుచున్నవి. చేతిలో బొమ్మల కట్ట ఒకటి. పాటల కార్యక్రమమునకు అర్జీ తెచ్చినాడేమో అనుకొంటిమి. అతడు కూర్చుండి మొదటి బొమ్మ మా ముందు పెట్టి, "సార్, దీన్ని పల్నాటివాళ్లు ఏమంటారండీ? కనిగిరివైపు ఏమంటారు?" అని అడిగెను. అది చీపురు. చీపురు అంటిమి, పడమటివారు పొరక అందురని మా గ్రామీణ కార్యక్రమపు పెద్దాయన అందించెను. యువకుడు రెండును వ్రాసికొనెను.

అతని చిక్కు ఇది. ఆపరేషను బల్లపై రోగి యెదుట కూర్చుండి బొమ్మలు చూపు పని తరచుగా ఇట్టి యువవైద్యునిదే. బొమ్మలు ఎచ్చటివి? అమెరికాలో బోస్టను విద్వాంసులు కూర్చిన 60 బొమ్మల పరీక్ష ఒకటి ప్రసిద్ధము. అందులో మంచుగడ్డలతో కట్టిన ఇల్లు ఉన్నది, అకార్డియను అను వాద్యము ఉన్నది, చెట్లు కొరికి ఏటికి అడ్డుకట్ట వేయు బీవరు అను జంతువు ఉన్నది. మిరపచేను తప్ప వేరెరుగని రైతు బీవరు పేరు చెప్పకపోయినచో అది కణితి దోషమా, బొమ్మ దోషమా? ఆరోగ్యముగా ఉన్నప్పుడే చెప్పలేని పేరును కపాలము తెరచినప్పుడు అడిగి ప్రయోజన మేమి? కావున రోగి ముందునాడే తడుముకొనక చెప్పిన బొమ్మలను మాత్రమే మరునాడు బల్లమీద చూపవలెను. అందుకు మన పల్లెలలోని వస్తువుల బొమ్మలు కావలెను. ఒక్కొక్క దానికి ఏ ఏ పేర్లు సరియైనవో ముందే తెలిసియుండవలెను. పడమటి పల్లె స్త్రీ "ఇది పొరక" అన్నప్పుడు, కృష్ణాతీరమున పెరిగిన వైద్యుడు దానిని తప్పుగా లెక్కించి, తీయదగిన కణితిని విడిచిపెట్టవచ్చును. ఒక మాండలికపు మాట తెలియకపోవుటవలన మనిషి ఆయుర్దాయము తగ్గునని మేము అంతవరకు ఎన్నడును తలచలేదు.

ఆనాడు మా గదిలో ఒక గంటసేపు సంత జరిగినది. వేరుసెనగ బొమ్మకు సెనగకాయ, బుడ్డలు అను పేర్లు వచ్చినవి. చేట బొమ్మ చూపగా పట్నమున పెరిగిన మా యువతి యొకతె క్షణము తడబడి "ముగ్గు పళ్లెమా?" అనెను. ఆమె మెదడులో ఏ కణితియు లేదు. ఆమె ఇంటిలో చేట లేదు. గొర్రు, గుంటక చూపినచో మాలో సగముమంది ఓడిపోయిరి. యువకుడు నవ్వి, "అందుకే సార్, ఒక్క కట్ట అందరికీ సరిపోదు" అనెను. పేర్లు మాత్రమేగాక పనులను కూడ అడుగవలెనట. వస్తువు పేరు దొరకినను పని పేరు దొరకనివారు కొందరు ఉందురు.

రెండు భాషలు వచ్చినవారి విషయము ఇంకను చిక్కు. 1978లో ఆజ్‌మన్, విటేకర్ అనువారు రెండు భాషలు మాటాడు రోగుల మెదడును పరిశీలించి, కొన్నిచోట్ల తాకిన ఒక భాషయే తడబడును, రెండవది చెడదని చూపిరి. మన పట్టణములలో ఇంట తెలుగు, కొలువులో ఇంగ్లీషు మాటాడువారెందరు! ఇంట ఉర్దూ, బజారున తెలుగు మాటాడువారు గుంటూరులో వీధివీధినా ఉన్నారు. ఏ భాషలో అడిగి కోసితిరో ఆ భాష దక్కును. అడుగనిది దక్కునను పూచీ లేదు. ఈ విషయమున మన దేశములో మొదలైన పని కొంత ఉన్నది. భారతీయ వైద్య పరిశోధన మండలివారు మాట, జ్ఞాపకశక్తి మొదలగువానిని పరీక్షించు సాధనమును అయిదు భాషలలో సిద్ధముచేసిరి. తెలుగు అందులో ఒకటి. అది మతిమరపు వ్యాధి కొరకు కూర్చినది, శస్త్రచికిత్స బల్ల కొరకు కాదు. అయినను తెలుగువానిని తెలుగులో పరీక్షింపవలెనను దారి పడినది.

కత్తి పని అయినంతనే కథ ముగియదు. తీసిన ముక్కను సూక్ష్మదర్శిని క్రింద చూచి జాతిని నిర్ణయింతురు. అన్నిటికంటె తీవ్రమైన గ్లయోబ్లాస్టోమా అయినచో పిమ్మట రేడియేషను, టెమోజోలోమైడు మాత్రలు ఇత్తురు. 2005లో స్టుప్ ప్రభృతులు 573 మందిపై చేసిన పరిశోధనలో, రేడియేషను మాత్రము పొందినవారిలో సగముమంది 12.1 నెలలు దాటి బ్రతికిరి. మాత్రలు కూడ పొందినవారిలో సగముమంది 14.6 నెలలు దాటి బ్రతికిరి. రెండేండ్లు దాటినవారు మొదటి వర్గమున నూటికి 10.4, రెండవ వర్గమున 26.5. రెండున్నర నెలల లాభమేనా అని పెదవి విరుచువారు ఉందురు. బిడ్డ పెండ్లి ముహూర్తము పెట్టుకొన్న తండ్రిని అడిగిన ఆ నెలల విలువ చెప్పును. ఆ నెలలలో అతడు మాటాడుచు ఉండెనా, మూగవోయి ఉండెనా అనునదే మేము మొదటినుండి అడుగుచున్న ప్రశ్న.

కత్తితో తీయుట కంటె మందుతోనే కరగించు కణితి కూడ ఒకటి కలదు; మెదడులో పుట్టు లింఫోమా. దానికి నేడు ముఖ్యమైన మందు మెథోట్రెక్సేటు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నేతృత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమునుండి అది వెలువడెను. స్కానింగులో మచ్చ కనబడినంతనే అది కణితి కాకపోవచ్చునని కూడ చెప్పవలెను. క్షయగడ్డలు, బద్దెపురుగు గ్రుడ్లవలన ఏర్పడు చిన్న బొడిపెలు మన దేశమున సామాన్యము. మూర్ఛతో వచ్చు రోగులలో కనబడు చిన్న ఒంటి మచ్చలలో పెక్కు ఈ పురుగు బొడిపెలేయనియు, మూర్ఛమందు వాడుచు వేచియున్న అవి వాటంతట కరగుననియు వేలూరులో చాందీ, రాజశేఖర్ గార్లు 1991లోను, ఆ పిమ్మటను ప్రకటించిరి. అంతకుముందు అట్టివారిలో కొందరు అనవసరముగా కత్తికి, కొందరు దీర్ఘకాలపు క్షయమందులకు గురియైరి.

మందుల పిచికారీవలన ఈ కణితులు వచ్చునా అని పత్తి, మిరప రైతులు మాకు తరచుగా జాబులు వ్రాయుచుందురు. ఈ ప్రశ్నను త్రోసివేయుటకు వీలులేదు, అవునని చెప్పుటకును వీలులేదు. మెదడుకణితులకు కారణముగా నిశ్చయమైనవి తలపై సోకిన తీవ్రమైన రేడియేషను, కుటుంబములలో వచ్చు కొన్ని అరుదైన వంశదోషములు మాత్రమే. ఫ్రాన్సులో ద్రాక్షతోటల ప్రాంతమైన జిరోండ్‌లో 2007లో ప్రకటింపబడిన పరిశోధన ఒకటి, పురుగుమందు మిక్కిలి ఎక్కువగా సోకినవారిలో ఈ ముప్పు అధికముగా ఉన్నదని సూచించినది, నిర్ధారణ కాలేదు. కణితి రాకున్నను ఆ మందులవలన ఇతర కీడు కలుగుట అందరు నెరిగినదే. గాలికి ఎదురుగా పిచికారీ చేయవలదని మా వ్యవసాయ కార్యక్రమమువారు చెప్పునది ఇందువలన మారదు.

ఇంటివారు గమనింపవలసిన లక్షణములు కొన్ని కలవు. పక్షవాతము పిడుగువలె పడును. కణితి చెదవలె ప్రాకును. వారములతరబడి మాట క్రమముగా తడబడుట, ఒకవైపు చేయి బలము తగ్గుట, వేకువను తలనొప్పితో నిద్ర లేచి వాంతి చేసికొనుట, చూపు మందగించుట, స్వభావము మారుట - వీనిలో ఏది కనబడినను పరీక్ష చేయింపవలెను. ఎన్నడు లేనిది నడివయసున మొదటిసారి మూర్ఛ వచ్చినచో తప్పక స్కానింగు తీయింపవలెను. మూర్ఛ వచ్చినవారిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. నోటిలో ఏదియు పెట్టవలదు, ఇనుము పట్టింప నక్కరలేదు. అయిదు నిమిషములలో ఆగకున్నచో ఆసుపత్రికి తరలింపవలెను.

ఆ యువవైద్యుడు వెళ్లునప్పుడు మరియొక కష్టము చెప్పెను. శస్త్రచికిత్స జరిగిన మూడునెలలకు, ఆరునెలలకు రోగులు తిరిగి రావలెను. అప్పుడే మాట ఎంత నిలిచినదో, కణితి మరల మొలచినదో తెలియును. కోతకాలమున ఎవరును రారు. కాయ కల్లమున ఉన్నప్పుడు గుంటూరు వచ్చిన మిరపయార్డుకే వత్తురు, ఆసుపత్రికి కాదు. కావున అతడు రాత్రులయందు ఫోను చేయును. కొడుకులు ఎత్తి, "నాన్న బాగానే ఉన్నాడు సార్" అందురు. అతనికి కావలసినది ఆ సమాచారము కాదు. "ఆయనకే ఇవ్వండి, రెండు మాటలు మాట్లాడనివ్వండి" అని బతిమాలి, ఈనాడు ఏ కూర వండినారని, ఎన్ని టిక్కీలు అయినవని అడిగి, గొంతును వినును. ఎచ్చట ఆగినది, ఏ మాటకు వెదకినది వ్రాసికొనును. మంచి గొంతు కొరకు చెవియొగ్గి కూర్చుండు మా వృత్తికిని దీనికిని పెద్ద భేదము లేదని మాకు తోచినది.

బొమ్మలన్నిటికి పేర్లు కుదిరినవి, ఒక్కదానికి తప్ప. అందు ఒక స్త్రీ పత్తిచేనిలో వంగి కాయనుండి దూదిని లాగుచున్నది. పత్తిని తీయుదురు, మిరపను కోయుదురు, పల్నాటిలో ఎవ్వరును "పత్తి కోస్తోంది" అనరని మా పెద్దాయన వాదము. తమ ఊర కూలివారు రెండు విధములను అందురని మా డ్రైవరు వాదము. యువకుడు ఇద్దరి మాటలను వ్రాసికొని, ఈసారి వచ్చునప్పటికి మరి నాలుగు ఊళ్లలో అడిగించి ఉంచుడని చెప్పి పోయెను. ఆ బొమ్మ మా బల్లమీదనే ఉన్నది.